పొయ్యి వెలగని చోటు

మా చిన్నబాపు నన్ను ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే ఒకటే మాట అంటాడు. "మా అన్న బిడ్డ. పొగలు లెక్కపెట్టే కొలువు చేస్తది." అవతలివాళ్లు కాలుష్యం ఆఫీసేమో అనుకుని గౌరవంగా తలాడిస్తారు. నేను సరిదిద్దను. ఆయన వెటకారానికే అన్నా, అందులో అబద్ధం లేదు.

నా పని జనం కదలికలను కనిపెట్టడం. వానో వరదో అగ్గిప్రమాదమో వచ్చి జనం ఉన్న చోటు విడిచిపోతే, ఎటు పోయారు, ఎంతమంది పోయారు, రేపు ఎటు పోబోతున్నారు అన్నది కనుక్కొని చెప్పాలి. అది తెలిస్తేనే బియ్యం, టార్పాలిన్లు, తాగేనీళ్లు, మందులు సరైన దిక్కుకు పోతాయి. తెలియకపోతే జనం ఒక దిక్కున, బియ్యం లారీ ఇంకో దిక్కున ఉంటాయి. ఖాళీ బడి ముందు బస్తాలు దించుకుని, ఎవరికి పంచాలో తెలియక బీడీలు కాల్చుకుంటూ కూర్చున్నవాళ్లను నేను కళ్లారా చూశాను. అప్పటి నుంచే ఈ పని మీద నాకు పంతం పట్టుకుంది.

మేము పనిచేసే సంస్థ చిన్నది. అందులో గట్టి నియమం ఒకటుంది: ఎవరి పేరూ రాసుకోకూడదు, ఎవరి ఫోటో తీయకూడదు. ఊరు విడిచి వచ్చినవాళ్ల పేర్లు ఒక కాగితం మీదికి ఎక్కితే, ఆ కాగితం చివరికి ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం. అందుకని మాకు కావాల్సింది ఎంతమంది, ఎక్కడ, ఏం అవసరం అన్నంతవరకే. ఇన్నేళ్ల అలవాటు వల్ల ఈ రాతలో కూడా నా చేతికి పేర్లు రావడం లేదు.

మాది ఇబ్రహీంపట్నం. ఊరి చుట్టూ, చెరువు నీళ్లు తగ్గితే తేలే శిఖం నేల అంచుల్లోనూ ఇటుక బట్టీలు ఉంటాయి. చలికాలం మొదట్లో ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి, మట్టి తొక్కి, ఇటుకలు పోసి, తొలకరికి ముందు వెళ్లిపోతాయి. వాళ్లెంతమందో ఎవరూ సరిగ్గా చెప్పరు. బట్టీ యజమానిని అడిగితే, ఏ అధికారి వచ్చి పడతాడోనని తక్కువ చెబుతాడు. వాళ్లను తోలుకొచ్చిన సర్దారును అడిగితే, బియ్యం వస్తాయేమోనని ఎక్కువ చెబుతాడు. వాళ్లనే అడిగితే భయపడి, నవ్వి ఊరుకుంటారు.

అందుకని మేము పొయ్యిలను నమ్ముకున్నాం. సాయంత్రం వంట వేళకు బట్టీకి ఎదురుగా ఉన్న గట్టెక్కి నిలబడితే, గుడిసెల ముందు మూడిటుకల పొయ్యిలు ఒక్కొక్కటే అంటుకుంటాయి. ఎన్ని పొగలు లేస్తే అన్ని సంసారాలు. ఈ పద్ధతి కనిపెట్టడానికి పట్నం నుంచి నిపుణులెవరూ రానక్కర్లేకపోయింది. మా నాయనమ్మ బతికున్నప్పుడు అన్నదమ్ములు వేరుపడితే ఆస్తి సంగతి ఎత్తేది కాదు, "ఆళ్లింట్ల పొయ్యిలు రెండయినయ్" అనేది. మీటింగులో నేను ఆ మాట చెబితే అందరికీ నచ్చింది. దానికి ఇంగ్లీషులో ఒక పొడుగాటి పేరు కూడా పెట్టారు, లేకపోతే మీటింగుకు మర్యాద ఉండదు కదా.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో చెడగొట్టు వాన కొట్టింది. తెల్లవారేసరికి శిఖంలోని బట్టీల్లోకి మోకాలి దాకా నీళ్లు వచ్చాయి. పోసి ఆరబెట్టిన పచ్చి ఇటుకలు వరుసలకు వరుసలు కరిగి మళ్లీ మట్టయిపోయాయి. గుడిసెల కప్పులు కూలాయి. జనం దొరికిన ట్రాక్టరు ఎక్కారు, దొరికిన లారీ ఎక్కారు. కొందరిని మా ఊరి బడికి తెచ్చి దించారు. కొందరు రావిర్యాల దిక్కు పోయారు, కొందరు నాదర్‌గుల్ దిక్కు, ఇంకొందరు హయత్‌నగర్ మీదుగా విజయవాడ రోడ్డు పట్టారు. మా ఊళ్లోవాళ్లకు కోతకొచ్చిన యాసంగి వరి నేలకొరిగింది. మా చిన్నబాపు పొలం గట్టు మీద నిలబడి ఆకాశాన్ని తిట్టిన తిట్లు నేను రాయలేను.

ఆ సాయంత్రం నాతో పనిచేసే అబ్బాయి శిఖం దిక్కు బట్టీలన్నీ చూసి వచ్చాడు. వాళ్లది కోస్తా నుంచి వచ్చి హయత్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. ఒళ్లు దాచుకునే మనిషి కాదు, వర్షంలో తడిసి ముద్దయి వచ్చాడు.

"మొత్తం ఖాళీ అండి అక్కా," అన్నాడు. "గట్టు మీద చీకటి పడేదాకా నిలబడ్డాను. ఒక్క పొయ్యి కూడా వెలగలేదు."

మా పుస్తకంలో శిఖం బట్టీల పక్కన ఖాళీ అని రాసుకున్నాం. మా పద్ధతిలో ఒకసారి ఖాళీ అని రాస్తే మళ్లీ అక్కడికి పోవడం ఉండదు. ఉన్నదే నలుగురం, జనం పోయిన చోటికి పరుగెత్తాలి గానీ, వదిలిపెట్టిన చోటికి కాదు.

బడిలో ఆ పిల్లను మొదట చూసింది అంగన్‌వాడీ టీచరు. మా వీధి మనిషే, నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును. నాలుగేళ్లో అయిదేళ్లో ఉంటాయి పిల్లకు. పొద్దున ఎవరో రైతు, రోడ్డు మీద జనం చేతులు చాపి ఎక్కిస్తే తన ట్రాక్టరులో ఎక్కించుకుని, బడి దగ్గర అందరితో పాటు దించి తన పొలం చూసుకోవడానికి వెళ్లిపోయాడు. ఆ ట్రాక్టరులో వచ్చినవాళ్లంతా వేరే బట్టీవాళ్లు. పిల్ల మాదని ఎవరూ అనలేదు.

"పేరు అడిగితే చెప్తలేదు, బువ్వ పెడితే తింటలేదు," అంది టీచరు. "ఏడ్వనన్న ఏడుస్తే బాగుండు. అదీ లేదు."

పిల్ల వరండాలో ఒక పని చేస్తోంది. అందరూ విడిచిన చెప్పులను తెచ్చి వరుసలుగా పేరుస్తోంది. వరుస పూర్తయ్యాక మొదటికొచ్చి ఒక్కొక్క చెప్పునూ ఎడమచేత్తో పక్కకు తిప్పుతోంది, తిప్పినప్పుడల్లా నాలుకతో టక్కుమని చప్పుడు చేస్తోంది. బట్టీల్లో పెద్దవాళ్లు ఇటుకలు పోస్తుంటే, ఎండకు ఒక పక్క ఆరిన ఇటుకను రెండో పక్కకు తిప్పేది పిల్లలే. అది వాళ్లకు ఆట కూడా, పని కూడా. ఆ పిల్ల చేతులు ఊరుకోవడం లేదు. నేను అక్కడి నుంచి లేచి పోయాను.

మర్నాడు పొద్దున పిల్లల సంక్షేమం చూసే అధికారిణి వచ్చింది. కఠినంగా మాట్లాడే మనిషి, కానీ చెడ్డ మనిషి కాదు. పోలీసులకు చెప్పింది, పిల్లకు జ్వరం ఉందేమో దవాఖాన మనిషితో చూపించింది, తరువాత నా వైపు తిరిగింది.

"రేపు సాయంత్రం దాకా చూస్తం. తల్లి దొరకకుంటే పట్నంల హోంకు పంపుతం. చట్టమది."

చట్టం సరైనదే. కాని జరగబోయేది నాకు తెలుసు. తన ఊరి పేరు చెప్పలేని పిల్ల పట్నంలో ఒక గోడ వెనక్కి పోతుంది. చదువురాని తల్లిని సర్దారు ఇంకో జిల్లా బట్టీకో, లేకపోతే నేరుగా ఊరికో తోలుకుపోతాడు. ఆ తరువాత వాళ్లిద్దరూ ఎట్లా కలుస్తారు? నా దగ్గర పటాలున్నాయి, వాటి మీద జనం దారులు చూపే బాణాలున్నాయి, ఏ రోడ్డు మీద ఎంత జనం పోతున్నారో గంటలో చెప్పగలను. అంత జనంలో ఒక పిల్లకు ఒక తల్లిని చూపించలేకపోతే ఆ బాణాలు ఎందుకు? రేపు సాయంత్రంలోగా ఆ తల్లిని వెతికి తీరాలని అనుకున్నాను. పైకి కూడా అన్నాను.

ఇంటికెళ్లి స్కూటీ తీస్తుంటే చిన్నబాపు ఎదురొచ్చాడు. సంగతి చెప్పాను.

"ఆ సర్దారుగానికి లేని ఫికర్ నీకెందుకే? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు. "నా వరి పండుకున్నది. దాని సంగతి ఎవలన్న రాస్కుంటున్నరా?"

"నీ వరి ఏడికీ పోదు చిన్నబాపూ. నిలబడి తిట్టుకుంట నువ్వున్నవ్ గదా," అని బండి స్టార్ట్ చేశాను.

మొదట రావిర్యాల పోయాను. అక్కడ కట్టి వదిలేసిన ఒక షెడ్డులో కుటుంబాలు తలదాచుకున్నాయి. పొయ్యిలు చూసి లెక్క రాసుకుని, వచ్చీరాని హిందీలో పిల్ల సంగతి అడిగాను. ఎవరి పిల్లలు వాళ్ల దగ్గరే ఉన్నారు. ఒక ఆడమనిషి నా మాట పూర్తికాకముందే తన పిల్లను దగ్గరికి లాక్కుంది. అక్కడ టార్పాలిన్లు లేవని ఆఫీసుకు చెప్పి, నాదర్‌గుల్ దారి పట్టాను.

నాదర్‌గుల్‌లో కొత్త కాలనీల వెనక ఖాళీ ప్లాట్లలో కొందరు దిగారు. పైన విమానం నడపడం నేర్చుకునేవాళ్ల చిన్న విమానాలు గిరగిరా తిరుగుతుంటే పిల్లలంతా మెడలు వెనక్కి వాల్చి చూస్తున్నారు. ప్లాటు మాది, లేచిపొండని ఒకాయన అరుస్తున్నాడు. ఆయనతో నేను పెట్టుకున్న గొడవ వల్ల చాలాసేపు పోయింది. చివరికి వాన తగ్గేదాకా ఉండనిస్తానన్నాడు. కాని అక్కడా ఆ తల్లి లేదు, ఆమెను ఎరిగినవాళ్లూ లేరు.

హయత్‌నగర్ చేరేసరికి నా ఒళ్లు హూనమైంది. బస్ డిపో దగ్గర చాయ్ బండి నడిపే అన్న ఒకడున్నాడు. లారీలన్నీ అతని కళ్లముందు నుంచే పోతాయి. ఆ దారిలో పని ఉన్నప్పుడల్లా అక్కడ చాయ్ తాగడం నాకు అలవాటు.

"నిన్న పొద్దుగాల ఒక లారీ ఆగిందక్కా," అన్నాడు. "నిండ బట్టీ జనమే. అందులకెల్లి ఒకామె దుంకినట్టే దిగింది. లారీ అంత ఎతికింది, పిల్లల మొకాలన్ని చూసింది. ఒక్కటే లొల్లి. లారీల మనిషి చెయ్యి పట్టి గుంజిండు. ఇడిపిచ్చుకున్నది."

"ఎటు పోయింది?"

"లారీ విజయవాడ దిక్కు పోయింది. ఆమె ఎన్కకు మల్లింది. వానల నడ్సుకుంటనే పోయింది."

ఇన్నేళ్లుగా నేను గీసిన పటాల్లో బాణాలన్నీ బయటికే ఉంటాయి, ఆపద ఉన్న చోటు నుంచి దూరంగా. ఆ పొద్దున కూడా జనమంతా ఒక దిక్కు పోతుంటే ఒక ఆడమనిషి ఒంటరిగా ఎదురు నడిచింది. ఆమే ఆ పిల్ల తల్లి, నాకు అనుమానం లేదు. చాయ్ తాగకుండానే లేచాను.

వెనక్కి వచ్చే దారంతా చూశాను. బస్టాపుల్లో ఆగాను, పెట్రోలు బంకుల్లో అడిగాను. కొందరు చూశామన్నారు, కొందరు లేదన్నారు. ఇబ్రహీంపట్నం దగ్గరపడే కొద్దీ ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. బడిలోకి వచ్చి ఉంటుందేమోనని ఆశగా పోతే, వరండాలో పిల్ల చెప్పులు తిప్పుతూనే ఉంది. టీచరు బతిమాలి నాలుగు బిస్కెట్లు తినిపించిందట. ఆ సాయంత్రం నాకు అందరి మీదా కోపం వచ్చింది. లారీలో చెయ్యి పట్టి గుంజినవాడి మీద, ప్లాటాయన మీద, వాన మీద. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను.

తెల్లవారాక అమ్మ లేపింది. మా వాడకట్టులో ఒక ముసలాయన ఆ వానరోజే పోయాడు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించరు గనుక చుట్టుపక్కల ఇళ్లవాళ్లు పూటకొకరు వండుకుపోయి పెడతారు. ఆ పూట మా వంతు.

"పప్పు గిన్నె నువ్వు పట్టు. నాకు బువ్వ గిన్నెనే బరువున్నది," అంది అమ్మ.

"నాకు పనుందమ్మా."

"చచ్చిన ఇంటికి పోవుడు కూడ పనే. పట్టు."

పట్టుకుపోయాను. ఇంటి నిండా మనుషులు. కూతుళ్లు, కోడళ్లు, మనవలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన బంధువులు, కాలు పెట్టడానికి చోటు లేదు. గిన్నె దించడానికి వంటింట్లోకి పోయాను. గ్యాస్ పొయ్యి మీద కడిగిన గిన్నెలు బోర్లించి ఉన్నాయి. వంటిల్లు చల్లగా ఉంది. అన్ని రోజులూ అన్ని పొయ్యిలు చూసిన నేను ఆ వెలగని పొయ్యి ముందు నిలబడిపోయాను.

మా లెక్క ప్రకారం ఈ ఇల్లు ఖాళీ. గట్టు మీద నిలబడి చూసేవాడికి ఇక్కడ ఒక్క మనిషీ లేనట్టే. నాయనమ్మ దగ్గర పొయ్యిల లెక్క నేర్చుకున్నదాన్ని, ఆ నాయనమ్మ పోయిన రోజుల్లో మా ఇంట్లో పొయ్యి వెలగలేదన్న సంగతి ఎట్లా మరిచిపోయాను? మా ఊళ్లో పుట్టినవాళ్లెవరికైనా తెలిసిన ముచ్చట. దుఃఖంలో ఉన్న మనిషి పొయ్యి దగ్గరికి పోదు. పిల్ల పోగొట్టుకున్న తల్లి ఎవరికోసం వండుతుంది?

గిన్నె అక్కడే పెట్టి బయటికి వచ్చాను. అమ్మ వెనక నుంచి పిలుస్తూనే ఉంది.

శిఖం బట్టీల దాకా స్కూటీ పోదు. గట్టు దగ్గర ఆపి, చెప్పులు చేతిలో పట్టుకుని దిగాను. నీళ్లు తగ్గాయి గానీ బురద పిక్కల దాకా దిగుతోంది. కూలిన గుడిసెలు, తేలి వచ్చి ఆగిన చాపలు, ఒక ప్లాస్టిక్ బిందె. మొదటి బట్టీ దగ్గర అరిచాను. పలుకు లేదు. రెండో దాని దగ్గరా లేదు. మూడో బట్టీ సగం కాలి ఆగిపోయింది, లోపలి వేడికి తడిసిన ఇటుకల నుంచి ఇంకా ఆవిరి వస్తోంది. గట్టు మీది నుంచి చూస్తే అది బట్టీ ఆవిరే అనుకుంటారు. నిజమే, అది బట్టీ ఆవిరే. దాని వెనక, వెచ్చటి ఇటుకలకు వీపు ఆనించి, రోడ్డు వైపు చూస్తూ ఒక ఆడమనిషి కూర్చుని ఉంది.

నన్ను చూడగానే లేచి నిలబడింది. చేతిలో ఇటుక ముక్క ఉంది. సర్దారు పంపిన మనిషిననుకుందని నాకు అర్థమైంది. ఆమె పక్కన చిన్న డబ్బా, అందులో నానిన బియ్యం. పచ్చివే నములుతోంది. నేను హిందీలో చెప్పాను, తెలుగులో చెప్పాను. ఆమెకు ఒక్క ముక్కా ఎక్కలేదు. పిల్ల ఫోటో ఉంటే చూపించేదాన్ని. మా నియమం వల్ల అదీ లేదు. దూరంగా బడి వైపు చేయి చూపిస్తే ఆమె ఇంకా రెండడుగులు వెనక్కి వేసింది.

అప్పుడు నేను ఆ బురదలోనే కూర్చున్నాను. చుట్టూ ఉన్న ఇటుక పెళ్లలు ఏరి వరుసగా పేర్చాను. వరుస పూర్తిచేసి, మొదటికి వచ్చి, ఎడమచేత్తో ఒక్కొక్కదాన్నీ పక్కకు తిప్పాను. తిప్పినప్పుడల్లా నాలుకతో టక్కుమన్నాను.

మూడో పెళ్ల తిప్పేసరికి ఆమె చేతిలో ఇటుక ముక్క జారిపోయింది. వచ్చి నా ముందు కూలబడింది. నా ఎడమచెయ్యిని రెండు చేతులతో పట్టుకుంది. ఏడుస్తూ ఏదేదో అడుగుతోంది. నేను అవునంటున్నాను. ఆమె ఏం అడిగినా అవునంటున్నాను, తలాడిస్తున్నాను, నాకూ ఏడుపొచ్చింది.

రమ్మని లాగితే మాత్రం కదలలేదు. రోడ్డు వైపు చేయి చూపించి ఒక మాట మళ్లీ మళ్లీ అంది. ఆ మాట నాకు అర్థమైంది. ట్రాక్టరు. బట్టీలో బతికే మనిషికి ట్రాక్టరు అంటే పోయి వచ్చేది. మట్టి కోసం పోతుంది, వస్తుంది. బట్టీ కాల్చే పొట్టు కోసం పోతుంది, వస్తుంది. పొద్దంతా అదే. ఆ రోజు జనం ఆమె పిల్లను ఎక్కించింది కూడా ట్రాక్టరే కదా, అది తిరిగి ఇక్కడికే వస్తుంది. ఎక్కడి రైతో దారిన పోతూ ఎక్కించుకున్నాడని ఆమెకు తెలియదు. పిల్ల అదే లారీలో ఉందని నమ్మించి ఆమెను ఎక్కించారట, ఆ సంగతి నాకు తరువాత తెలిసింది. పిల్ల లేదని, ట్రాక్టరు ఎక్కించారని తెలిశాక, హయత్‌నగర్ నుంచి వానలో నడిచి, ట్రాక్టరు తిరిగొచ్చే చోటికే వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఎవరో దారినపోయే ఆడది పిలిస్తే ఆ చోటు విడిచి ఎట్లా వస్తుంది?

ఫోన్ తీసి ముందు అధికారిణికి చేశాను.

"తల్లి అంటున్నవ్. నాకెట్ల తెల్వాలె?" అంది ఆమె.

"మీరే వచ్చి చూడుండ్రి మేడమ్. పిల్లను తీస్కొని రాండ్రి."

"ఆ బురదల నా కారు వస్తదా?"

"కారు వద్దు. బండి పంపుతున్న."

తరువాత చిన్నబాపుకు చేశాను. పొలంలో ఉన్నాడు.

"చిన్నబాపూ, టాక్టర్ తీస్కొని బడికాడికి పో. ట్రాలీ పెట్టుకొని పో. టీచరు, పిల్ల, పట్నం మేడమ్ ఉంటరు. ముగ్గుర్ని శిఖంల బట్టీ కాడికి తోలుకరా."

"నాకేం పని లేదనుకున్నవా? వరి ఎత్తుకోవాలె—"

"జల్ది రా. టాక్టరే రావాలె. ఇంకేది వచ్చినా పని కాదు."

నా గొంతులో ఏం వినిపించిందో తెలియదు. "వస్తున్న తియ్," అని ఫోన్ పెట్టేశాడు.

ఆలస్యమైంది. ఆమె బట్టీ పక్కన, నేను ఆమె పక్కన కూర్చుని రోడ్డు చూస్తున్నాం. చివరికి మలుపు దగ్గర ఇంజను చప్పుడు వినిపించింది. ఆమె నాకంటే ముందే పోల్చుకుని లేచింది. మా చిన్నబాపు పాత ట్రాక్టరు బురదలో ఊగుతూ దిగుతోంది. వెనక ట్రాలీలో అధికారిణి చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, ట్రాలీ అంచు ఇంకో చేత్తో పట్టుకుని నిలబడింది. టీచరు ఒళ్లో పిల్ల.

పిల్ల ఒక్క కేక పెట్టింది. రెండ్రోజుల్లో దాని నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది: "మా!" అమ్మా అని. ఆమె పరుగెత్తి, ట్రాలీలోంచి పిల్లను లాగి కిందికి దించి, ముందు వీపు మీద ఒక్కటి చరిచింది. తరువాత పిల్లను మీదేసుకుని నేల మీద కూర్చుండిపోయింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. టీచరు కళ్లు తుడుచుకుంటూ, "హమ్మయ్య, ఏడ్చింది," అంది.

"ఇంకేం రుజువు కావాలె," అంది అధికారిణి తనలో తాను. కాసేపటికి కాగితం తీసి, తన ఆఫీసులో ఒడియా వచ్చిన మనిషికి ఫోన్ చేసి, ఫోన్ తల్లికి ఇచ్చింది. వివరాలు అప్పుడు తెలిశాయి. భర్త ఊళ్లోనే ఉన్నాడు, ఈమె అన్నావదినలతో వచ్చింది, వాళ్లు లారీలో ముందుకు పోయారు. ఊరికి పోతావా, బడికి వస్తావా అంటే, ముందు బడికి, ఊరివాళ్లు దొరికాక ఊరికి అంది. అన్నావదినలు ఎక్కడ దిగారో కనుక్కునే పని నేను ఒప్పుకున్నాను. ఆ తరువాత అధికారిణి కాగితం కోసం తల్లి పేరు అడిగింది, పిల్ల పేరు అడిగింది. ఆమె చెప్పింది. ఆ రెండు పేర్లూ నేను విన్నాను. ఇప్పటికీ గుర్తున్నాయి. ఇక్కడ రాయను.

బయల్దేరదామంటే ఆమె ఆగమని చేయి చూపించింది. పిల్లకు ఆకలి. నానిన బియ్యం డబ్బా తీసింది. మూడు ఇటుకలు జరిపింది. కర్రలన్నీ తడిసి ఉన్నాయి. చిన్నబాపు పోయి, ట్రాక్టరు సీటు కింద నుంచి ఎండు గోనెపట్టా, అగ్గిపెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె ఊది ఊది ముట్టించింది. అధికారిణి, టీచరు, అందరం నిలబడి చూస్తున్నాం. ఆమె చీర కొంగు పట్టుకుని పిల్ల పొయ్యి పక్కనే కూర్చుంది.

నాతో పనిచేసే అబ్బాయికి ఫోన్ చేశాను. ఇక మీదట ఏ చోటైనా ఖాళీ అని రాసేముందు ఎవరో ఒకరు కిందికి దిగి, నడిచి, గొంతెత్తి పిలిచి రావాలని చెప్పాను. బురదయినా సరే, చీకటి పడుతున్నా సరే. "అలాగేనండి అక్కా, మిగతా బట్టీలు ఇప్పుడే చూసొస్తాను," అన్నాడు. వాడు అప్పటికే బండి తీస్తున్న చప్పుడు వినిపించింది.

చిన్నబాపు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. తడి కర్రల పొగ నల్లగా, వంకరగా బట్టీ మీదికి లేస్తోంది. ఆయన దాన్ని గట్టు దాకా కళ్లతో చూశాడు. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు.

"పొగ లేసింది. రాస్కో బిడ్డా."

ఖాళీ అన్న మాట కొట్టేసి, ఒకటి అని రాసుకున్నాను.